ఒంటి బిళ్ళల పెట్టె కోసం మదనపల్లె

మదనపల్లె వెళ్ళొచ్చామంటే మా తెనాలిలో అందరూ ముందు అడిగేది కొండ సంగతే. "హార్సిలీ కొండ ఎక్కారా? పైన చలి చంపేస్తుందట, నిజమేనా?" అని. మేము కొండ ఎక్కలేదు. కింద నుంచి చూశాం, బాగానే ఉంది. దసరా సెలవులన్నీ ఒక వడ్రంగి పాకలోనూ, ఒక వేరుశనగ కళ్ళంలోనూ, ఒక క్లబ్బు ఎదుటి బెంచీ మీదా గడిచిపోయాయి. అయినా ఇన్నేళ్ళ కాపురంలో ఇంత హాయిగా తిరిగిన తిరుగుడు ఇంకొకటి లేదు కనుక, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. కొండ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యవచ్చు.

పేకాట రాని మనిషి

ముందు మా ఆయన పిచ్చి గురించి చెప్పాలి. ఆయన కాలవల శాఖలో ఓవర్సీరు. కోస్తా అని, సీమ అని లేకుండా చాలా ఊళ్ళు తిరిగారు. ఊరన్నాక ఆఫీసర్లకీ ప్లీడర్లకీ ఒక క్లబ్బు ఉంటుంది. అక్కడి పేకాటలో బల్ల మీద డబ్బు పెట్టరు, దాని బదులు గుండ్రటి బిళ్ళలు పెడతారు. ఆట అయ్యాక ఆ బిళ్ళలు క్లబ్బుకి తిరిగి ఇచ్చేస్తారు. ఒక్కో క్లబ్బుది ఒక్కో రకం. కొన్ని మట్టితో చేసి కాల్చినవి, కొన్ని ఎముకవి, కొన్ని చెక్కవి, ఈ మధ్య వచ్చినవి ప్లాస్టిక్కువి. ఒకవైపు అంకె, రెండోవైపు ఆ క్లబ్బు బొమ్మ ఉంటాయి. చేప, తాటిచెట్టు, గడియారం, గుర్రం, ఇలా ఏదో ఒకటి. మా ఆయన వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ క్లబ్బుకి వెళ్ళి ఒక్క బిళ్ళ అడిగి తెచ్చుకుంటారు. అట్లా నలభై పైచిలుకు పోగయ్యాయి. తమాషా ఏమిటంటే ఆయనకి పేకాట రాదు. ముక్కలు కలపమంటే సగం నేల మీద పోస్తారు.

ఊరికి ఒక్కటే, అది ఆయన నియమం. రెండోది ఇస్తామన్నా పుచ్చుకోరు. "ఒకటి అడిగితే జ్ఞాపకం కోసం అనుకుంటారు, రెండడిగితే ఆశ అనుకుంటారు" అంటారు.

నేను బోలెడంత వెక్కిరించేదాన్ని కానీ, లోపల మాత్రం ఆ బిళ్ళలంటే నాకు చెప్పలేనంత ఇష్టం. మా ఆయన మాటల మనిషి కాదు. పెళ్ళి పందిట్లో పక్కన కూర్చున్న మనిషిని ఏ ఊరని అడగడానికి కూడా మొహమాటం. అటువంటి మనిషి బిళ్ళ అడగడానికి వెళితే మాత్రం గంటసేపు కూర్చుని కాఫీ తాగి, క్లబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ విని వస్తారు. వచ్చాక అవన్నీ నాకు చెబుతారు. ఆ రోజు మా వంటింట్లో కూర మాడిపోయినా నాకు పట్టేది కాదు.

చిక్కంతా వాటిని దాచడంలోనే వచ్చింది. మొదట పాలపొడి డబ్బాలో వేశారు. కదిపినప్పుడల్లా ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడాయి. తర్వాత ఎర్ర మఖమలు గుడ్డ మీద జిగురుతో అతికించి గోడకి తగిలించారు. చూడటానికి దర్జాగానే ఉంది కానీ, బొమ్మ కనిపిస్తే అంకె కనిపించదు, అంకె కనిపిస్తే బొమ్మ కనిపించదు. వచ్చినవాళ్ళు "వెనకేముందండీ?" అని అడిగితే ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఒకటి పీకి చూపిద్దామంటే వెనక రంగంతా జిగురుతో ఊడి వచ్చింది. ఆ పైన దూదిలో పొదిగి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేశారు. ఎండాకాలం ముగిసేసరికి ప్లాస్టిక్కువి మెత్తబడి దూదిని పట్టుకుని వదల్లేదు. బిళ్ళలకి గడ్డాలు మొలిచాయని నేను నవ్వితే ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

కిందటి బదిలీలో లారీ కుదుపులకి మట్టి బిళ్ళలు కొన్ని ముక్కలయ్యాయి. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "ఇంకొక్కటి పగిలితే చాలు, మిగిలినవన్నీ వీధిలో ఆడపిల్లలకి తొక్కుడుబిళ్ళకి ఇచ్చేస్తాను. ఇక ఏ క్లబ్బు గడపా తొక్కను" అని నెమ్మదిగా అన్నారు. నెమ్మదిగా అన్న మాట ఆయన తప్పరని నాకు తెలుసు. ఇల్లు మూగబోతుందని దిగులు పట్టుకుంది నాకు. నేను పనిచేసే బడిలో లెక్కల టీచరుది మదనపల్లె. వాళ్ళ ఊళ్ళో కుంకుమ పెట్టెలు చేసే గంగాచారి అనే ఆయన ఉన్నాడనీ, చెక్కలో గుంట తొలిచాడంటే గాజు పెట్టి గీసినట్టు ఉంటుందనీ చెప్పింది. దగ్గరలోని పుంగనూరు, కుప్పం బిళ్ళలు మా ఆయన దగ్గర ఎలాగూ లేవు. పెట్టె చేయించి, ఆ రెండూ సంపాదించి వద్దామని నేనే బయల్దేరదీశాను. బిళ్ళలన్నీ నా పాత నూలు చీర ముక్కల్లో చుట్టి బిస్కట్ల డబ్బాలో సర్దాం.

మదనపల్లె: ఉలికి బొట్టు

దసరాకి మా తెనాలిలో పంకా కింద నుంచి లేవం. మదనపల్లెలో తెల్లవారుజామున మా ఆయన మఫ్లరు చుట్టుకున్నారు, నేను పైట చెంగు చెవుల దాకా లాక్కున్నాను. అక్కడివాళ్ళు మాత్రం చొక్కా కూడా లేకుండా పళ్ళు తోముకుంటూ మమ్మల్ని వింతగా చూశారు. హోటల్లో దోసె మీద ఎర్రకారం పూసి ఇచ్చారు. మా వైపు అల్లం పచ్చడి ఘాటే ఘాటనుకునేదాన్ని. సగం దోసె తినేసరికి చలి ఎటు పోయిందో తెలియలేదు. దోసె అర్ధరూపాయి, కళ్ళలో నీళ్ళు ఉచితం. అంగట్లో టమోటాలు కుప్పలు పోసి, తూకం లేకుండా బుట్టకింత అని అమ్మేస్తున్నారు. మా ఊళ్ళో టమోటా ఇప్పటికీ చుట్టాలొస్తేనే కొనే కూర.

గంగాచారి ఇల్లు మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో ఉంది. ఇంటి వెనక పాకలో పని. ఆయనకి అరవై ఏళ్ళుంటాయి, చెవి మీద పెన్సిలు.

"రాండి సార్, కూసోండి. యా ఊరు మీది?"

"తెనాలండీ."

"తెనాలా? అంత దూరం నుంచి పెట్టె కోసరం వచ్చుండారా?" అని, లోపలికి తిరిగి "మునిలక్ష్మీ, కాఫీ పెట్టు" అని కేకేశాడు.

మా ఆయన డబ్బా విప్పి బిళ్ళలన్నీ గుడ్డ మీద పరిచారు. గంగాచారి ఒక్కొక్కటీ తీసి, ఇటు చూసి అటు తిప్పి చూశాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. రెండువైపులా చూసేవాళ్ళంటే ఆయనకి అంత గౌరవం. ఇది ఫలానా ఊరిది, ఇది ఎముకది, ఇది ఆదోనిది, మా పెళ్ళయిన కొత్తలో దొరికిన మొట్టమొదటి బిళ్ళ, గుర్రం బొమ్మ చూడండి, అంటూ మొదలుపెట్టారు.

"బాగుండాయి. మీరు శానా బాగా ఆడతారేమో."

"నాకు పేకాట రాదండీ."

గంగాచారి నా వంక చూశాడు. నేను తలూపాను. "మరి యాల సార్ ఇవన్నీ?" అన్నాడు. మా ఆయన నవ్వి, ఇంకో బిళ్ళ తిప్పి చూపించారు. 

బిళ్ళకొక గుంట, తేబోయే రెండిటికీ ఇంకో రెండు, గుంట పక్కన వేలు దూరే సందు, పైన గాజు మూత. ఇదీ మా ఆయన కోరిక. "ఎలా పెట్టినా ఒక ముఖమే కనిపిస్తుంది, దానికేం చెయ్యలేం. పగలకుండా ఉంటే అంతే చాలు" అన్నారు. గంగాచారి నల్లటి జిట్రేగి చెక్క మీద ఒక్కో బిళ్ళా ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు.

"ఒక్కొక్కటేనా సార్? జత లేదా?"

"లేదండీ. అన్నీ ఒంటివే."

గంగాచారి ముఖంలో జాలిలాంటిది కనిపించింది. కాఫీ తెచ్చిన ఆయన భార్య మునిలక్ష్మమ్మ కూడా బిళ్ళల వంక చూసి, "పాపం, అన్నీ ఒంటివేనా" అంది. ఎవరో పోయినంత పని చేశారే అనుకుని నేను నవ్వుకున్నాను.

మర్నాడు ఆయుధ పూజ. ఆ రోజు ఉలి ముట్టుకోరు. ఉలి, బాడిస, రంపం అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టి, వాటికి కూడా సెలవిస్తారు. "మీరు పుంగనూరు, కుప్పం పొయ్యొచ్చే లోపల పెట్టె చేసి పెడతాను" అన్నాడు గంగాచారి. ముప్పై రూపాయలన్నాడు. మా ఆయన బేరమాడలేదు. నేను ఆడబోతే కాలు తొక్కారు.

పుంగనూరు బస్సులో వక్క

పుంగనూరు బస్సులో మనుషులూ, మూటలూ, ఒక కోడిపుంజూ సమంగా కూర్చున్నాం. మలుపు దగ్గర డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. మా ఆయన ఒళ్ళో నుంచి డబ్బా ఎగిరి పడి, మూత ఊడి, బిళ్ళలన్నీ చీర ముక్కల్లోంచి జారుకుని బస్సంతా దొర్లాయి.

 ఒక్కటి పగిలినా ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయన లేచి, పాపం, ఎవరినీ ఏమీ అడగలేక అలాగే నిలబడిపోయారు. అప్పుడు బస్సు బస్సంతా కదిలింది. కండక్టరు సీట్ల కిందికి దూరాడు. చెనిక్కాయల, అంటే వేరుశనగ కాయల, మూట మీద కూర్చున్న పెద్దమనిషి మూటనే పక్కకి దొర్లించాడు. "ఈడొకటి", "ఆడ సూడు, కోడి కాళ్ళ కింద" అంటూ తలొకటీ ఏరి తెచ్చిచ్చారు. అన్నీ దొరికాయి, ఆదోని గుర్రం తప్ప.

వెనక సీట్లో ఒక ముసలమ్మ గుప్పిట మూసుకుని కూర్చుంది. బిళ్ళ ఆమె దగ్గరే ఉందని పక్కావిడ చెప్పింది. మా ఆయన చెయ్యి చాచారు. ఆమె ఇవ్వలేదు. రెండో చేత్తో నడుముకి దోపుకున్న సంచీ విప్పి తీరిగ్గా వెతుకుతోంది.

"అవ్వా, అది మాది" అన్నాను.

"మీదేలేమ్మా. నాకేం పని దాంతో? ఒంటి వస్తువు చేతికిచ్చేది మా పక్క లేదు. తోడు వెతుకుతాండా" అని ఒక వక్క తీసి, బిళ్ళనూ వక్కనూ కలిపి మా ఆయన అరచేతిలో పెట్టింది. "ఇప్పుడు తీసుకో నాయనా."

మా ఆయన బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశారు. పగల్లేదు. వక్క ఏం చెయ్యాలో తెలియక నోట్లో వేసుకున్నారు. జన్మలో వక్క నమలని మనిషి పుంగనూరు దాకా బుగ్గ వాచినట్టు కూర్చున్నారు. అరటిపండ్లూ తమలపాకులూ జతగా ఇవ్వడం మా వైపూ ఉంది. పేకాట బిళ్ళకి కూడా ఆ మర్యాద దక్కుతుందని నాకు తెలియదు.

పుంగనూరు: కళ్ళంలో కొలత

పుంగనూరు ఆవుల గురించి విన్నాను కానీ చూసేదాకా నమ్మలేదు. మా ఊళ్ళో దూడలంత ఉన్నాయి, గాంభీర్యం మాత్రం ఏనుగులది. ఒకటి మా ఆయన మఫ్లరు నమలడం మొదలుపెట్టింది. లాక్కుంటే అదేమైనా అనుకుంటుందని ఆయన కాసేపు ఊరుకున్నారు.

ఊళ్ళో క్లబ్బు ఎప్పుడో మూతపడింది. అప్పట్లో దాన్ని చూసుకున్న పెద్దాయన కొడుకు చెంగారెడ్డి సోమల వెళ్ళే దారిలో సేద్యం చేసుకుంటున్నాడని తెలిసి అక్కడికి వెళ్ళాం. కళ్ళంలో చెనిక్కాయలు కొలుస్తున్నారు. ఒక మనిషి బుట్టతో కొలిచి గోతంలో పోస్తున్నాడు. బుట్ట పోసినప్పుడల్లా చెంగారెడ్డి పక్కనున్న సంచీలోంచి ఒక బిళ్ళ తీసి నేల మీద పెడుతున్నాడు. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అవి క్లబ్బు బిళ్ళలు. ఎముకవి, ఒకవైపు కొమ్ముల ఆవు, రెండోవైపు అంకె.

"కలబ్బు మూసేసినాక మా నాయన ఇంటికి తెచ్చినాడప్పా. పారేసేదానికి మనసు రాలే. రాళ్ళు పెట్టి కొలిస్తే కోళ్ళు చెదరగొడతాండె. ఇవైతే బరువుగా ఉంటాయి" అన్నాడు చెంగారెడ్డి.

మమ్మల్ని కూర్చోబెట్టాడు. పచ్చి చెనిక్కాయలు ఉడికించి తెచ్చారు, వొలుచుకుంటూ వింటున్నాం. క్లబ్బులో ఎవరు ఎట్లా ఆడేవాళ్ళు, ఎవరు ఓడిపోతే ముక్కలు విసిరికొట్టేవాళ్ళు, ఎవరి భార్య లాంతరు పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడేది, అన్నీ చెప్పాడు. మా ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నారు. మధ్యలో గట్టిగా నవ్వారు కూడా. చెనిక్కాయ పొట్టు కుప్ప పక్కన కూర్చుని ఆ నవ్వు వింటుంటే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇది ఆగిపోకూడదు దేవుడా అనుకున్నాను.

మధ్యాహ్నం చెంగారెడ్డి భార్య రెడ్డెమ్మ రాగి సంగటి ముద్దలు పెట్టింది. పక్కన ఊరిబిండి, అంటే వేయించిన చెనిక్కాయలూ మిరపకాయలూ నూరిన పచ్చడి, గిన్నె నిండా ఉలవచారు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమిలాను. ఆడవాళ్ళంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"అట్ల నమలకూడదమ్మా, మింగల్ల" అంది రెడ్డెమ్మ. "పండ్లకి పనిచెప్పేది కాదు ఇది."

మింగాను. గొంతులో కాసేపు ఆలోచించుకుని దిగింది. మూడో ముద్దకి అలవాటైంది, నాలుగోది అడిగి పెట్టించుకున్నాను.

బయల్దేరేముందు మా ఆయన ఎన్నో సార్లు గొంతు సవరించుకుని, "ఒక్క బిళ్ళ ఇప్పించగలరా?" అన్నారు. రెడ్డెమ్మ పళ్ళెంలో తమలపాకులు, పసుపు, రెండు అరటిపండ్లు, రెండు బిళ్ళలు పెట్టి తెచ్చింది.

"ఒక్కటి చాలండీ" అన్నారు మా ఆయన.

"ఒక్కటి యాల ఇచ్చేది అన్నా? తాంబూలంలో ఒక్క ఆకు పెడతామా?"

"మీ కొలతకి తక్కువవుతాయేమో..."

"చెనిక్కాయలు ఆగుతాయిలే. మా ఇంటి నుంచి ఒంటి వస్తువు పోదు."

మా ఆయన నా వంక చూశారు. ఇన్నేళ్ళ నియమం ఒకవైపు, ముత్తయిదువ చేతి తాంబూలం ఒకవైపు. నేను ఆయన్ని కాపాడదలచుకోలేదు. పైట చెంగు చాపి రెండూ నేనే పుచ్చుకున్నాను. బస్సెక్కేదాకా ఆయన, "నియమం పోయింది" అని గొణుగుతూనే ఉన్నారు.

కుప్పం: క్లబ్బు ఎదుటి బెంచీ

కుప్పంలో టీ కొట్టాయన మాతో తెలుగులో, పక్కవాడితో అరవంలో, పాలవాడితో కన్నడంలో మాట్లాడుతూ టీ ఎత్తిపోస్తున్నాడు. ఒక్క బొట్టు కింద పడలేదు. మా ఆయన తెలుగులోనే నాలుగు మాటలు పోగుచెయ్యలేరు కదా అనిపించింది. టీ ముప్పై పైసలు, మా దగ్గరకన్నా చిక్కగా ఉంది.

క్లబ్బు రైలు స్టేషను దగ్గరే. ఎదురుగా రాతి బెంచీ. లోపలివాళ్ళకి చూపించడానికి మంచివి నాలుగు పైకి తీసి పెట్టుకుందామని మా ఆయన డబ్బా విప్పారు. ఆదోని గుర్రాన్ని తీయగానే అది చేతిలో రెండు ముక్కలైంది. బస్సులో పడినప్పుడే కంటికి కనిపించని బీట పడి ఉంటుంది.

ఆయన ముక్కలు రెండూ దగ్గర చేర్చి చూసి, మళ్ళీ గుడ్డలో చుట్టారు. డబ్బా మూత బిగించి, "పద, బస్టాండుకి పోదాం" అన్నారు.

"క్లబ్బు?"

"ఇక చాలు. చెప్పాను కదా."

నెమ్మదిగానే అన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఆ బ్రేకు వేసిన డ్రైవరు మీద కావచ్చు. "మీరు కూర్చోండి" అని చెప్పి నేనే క్లబ్బు మెట్లెక్కాను.

నా జన్మలో క్లబ్బు లోపలికి వెళ్ళలేదు. పొగ, ముక్కల చప్పుడు. నన్ను చూడగానే ఆడేవాళ్ళంతా ఒకేసారి ముక్కలు బోర్లా పెట్టేశారు. ఎవరి భార్యో అనుకుని ఒకరినొకరు చూసుకున్నారు. క్లబ్బు చూసుకునే గోవిందప్ప పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఎవురు కావల్ల?"

"ఎవరూ వద్దు. బిళ్ళలు కావాలి. రెండివ్వండి" అన్నాను. ఒకటి అడగకూడదని అప్పటికే నేర్చుకున్నాను.

సంగతంతా చెప్పాను. నలభై ఊళ్ళ సంగతి, పగిలిన గుర్రం సంగతి, ఇక చాలన్న సంగతి.  మీసాలాయన ఒకడు, "ఆయప్ప ఏం ఆట బాగా ఆడతాడు?" అని అడిగాడు. ఏ ఆటా రాదన్నాను. గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. గోవిందప్ప కిటికీలోంచి బెంచీ వైపు చూశాడు.

"ఆ మఫ్లరు చుట్టుకోనుండే ఆయప్పేనా? లోపలికి రమ్మనమ్మా, టీ తాగిపోతాడు."

"ఇవాళ రారండీ."

అతను అల్మారా తీసి రెండు పచ్చ బిళ్ళలు నా చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్కువి, కొత్తవి, వాటి మీద రైలింజను బొమ్మ. బయటికి తెచ్చి చూపిస్తే మా ఆయన, "బాగున్నాయి. నువ్వే ఉంచుకో" అన్నారు. కొంగున ముడివేసుకున్నాను. తిరుగు ప్రయాణమంతా ఆయన బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గంగవరం దాటాక దారి పక్క చెరుకు బెల్లం వాసన ఎంత కమ్మగా వచ్చినా ఆయనకి పట్టలేదు.

మళ్ళీ గంగాచారి పాకలో

పెట్టె సిద్ధంగా ఉంది. నల్లగా, నున్నగా, పైన గాజు మూత, పక్కన ఇత్తడి కొక్కెం. నేను మూత తీశాను. గుంటలన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి. మేము చెప్పినదానికి రెట్టింపు.

మా ఆయన ఒక జంటలో రెండు వేళ్ళు పెట్టి చూశారు. "ఒక్కొక్కటే అన్నాను కదండీ" అన్నారు.

గంగాచారి తల గోక్కున్నాడు. "అన్నారు సార్. ఒక్క గుంటే మొదలుపెట్టినాను. చెయ్యి ఊరుకోలే. ఇన్నేండ్లుగా పసుపుకొకటి కుంకానికొకటి తొలుస్తాండా. ఒకటి తొలిస్తే పక్కన రెండోది దానంతట అదే వచ్చేస్తాది. పైగా మునిలక్ష్మి..."

"ఒంటి గుంటల పెట్టె ఈ ఇంట్లోంచి బయటికి పంపనని నేనే చెప్పినాను" అంది మునిలక్ష్మమ్మ, ఏమాత్రం జంకకుండా. "ఈరోజు కాకుంటే రేపు జత దొరుకుతాది. అప్పుడు యాడ పెడతారు?"

"ఇంకోటి చేసిస్తాలే సార్, దీనికి డబ్బులొద్దు" అన్నాడు గంగాచారి. పాపం, అతని ముఖం చిన్నబోయింది.

మా ఆయన వద్దన్నారు. "ఏ పెట్టైతేనేం? ఇక పెరిగేవి కావుగా" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఏదో ఒకటి చెయ్యాలని కొంగుముడి విప్పి, కుప్పం బిళ్ళలు రెండూ మొదటి జంట గుంటల్లో పడేశాను. చూసుకోకుండా పడేశాను. ఒకటి అంకెవైపు పడింది, ఒకటి రైలింజను వైపు పడింది.

అందరం చూస్తున్నాం. మా ఆయన వంగారు. వంగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తాంబూలంలో వచ్చిన పుంగనూరు బిళ్ళలు డబ్బాలోంచి తీసి పక్క గుంటల్లో పెట్టారు, ఒకటి ఆవు, ఒకటి అంకె. గాజు మూత వేశారు. రెండు ముఖాలూ ఒకేసారి కనిపిస్తున్నాయి. జిగురు లేదు, తిప్పడం లేదు, పీకడం లేదు. ఇన్నేళ్ళూ మా గోడ మీద సాధ్యం కానిది గాజు కింద హాయిగా పడుకుని ఉంది.

ఆయన మిగిలినవన్నీ ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టారు. నేను అందిస్తున్నాను. ఆదోని గుర్రం ముక్కలు రెండూ గుంటలో పెడితే అంచు గట్టిగా పట్టుకుంది. గీత ఉందిలే, కానీ గుర్రం నిలబడింది. ప్రతి పాత బిళ్ళ పక్కనా ఒక ఖాళీ గుంట. నలభై పైచిలుకు ఖాళీలు. అన్నీ సర్దాక ఆయన ఆ ఖాళీలని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. గంగాచారి చెయ్యి పట్టుకుని ఊపారు. మునిలక్ష్మమ్మకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. 

రైలు స్టేషనులో నన్ను సామాను దగ్గర కూర్చోబెట్టి టికెట్లకి వెళ్ళారు. పెట్టె మాత్రం చంకలోనే ఉంది. ఎంతకీ రారు. లేచి చూస్తే వరసలో ముందున్న మనిషికి, ఊరూ పేరూ తెలియని మనిషికి, పెట్టె తెరిచి చూపిస్తున్నారు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు. ఆయన వెనకవాడు కూడా మెడ చాచి వింటున్నాడు. కిటికీలో గుమాస్తా ఎక్కడికని రెండుసార్లు అడిగితే గానీ వినిపించుకోలేదు.

"అనంతపురానికి రెండు" అన్నారు మా ఆయన.

"మన ఇల్లు తెనాలండీ" అన్నాను, ఆయన దగ్గరికి రాగానే.

"ఇల్లెక్కడికి పోతుంది? అనంతపురం క్లబ్బులో గడియారం బిళ్ళ ఇచ్చినాయన సాయంత్రం పూట తప్పకుండా ఉంటాడు. ఆయన మంచి మాటకారి" అన్నారు. "నువ్వూ లోపలికి రా. నీకు అడగడం బాగా వచ్చింది."